తలుపు గీయని గది

ఆ ఇంటి మేడమీద నడవలో, చీకటి పడ్డాక, ఎడమవైపు గోడకి ఎవరూ ఆనుకోరు.

కుడివైపు గోడతో ఎవరికీ పేచీ లేదు. దానికి కిటికీలున్నాయి, గాలి వస్తుంది. ఎడమవైపుది మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా తలుపు లేని, కిటికీ లేని ఒకే ఒక్క గోడ. నున్నగా, తెల్లగా ఉంటుంది. పగలు చూస్తే ఎంత బాగుందో అనిపిస్తుంది.

మొదట అద్దెకి దిగిన మందుల షాపాయన, రాత్రుళ్లు ఆ గోడలో ఎవరో కాగితం చుట్టలు విప్పుతున్నారన్నాడు. ఎలకలని నవ్వారు. ఆయన ఎలకల మందు పెట్టాడు, ఆ మర్నెలే ఖాళీ చేశాడు. తర్వాత కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. ఆ అమ్మాయి ఒక రాత్రి ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గోడకి వీపు ఆనించింది... అవతల్నుంచి కూడా ఎవరో వీపు ఆనించినట్టు, వెచ్చగా తగిలిందట.

తెల్లారేసరికి సామాను సర్దేశారు.

ఇదంతా నాకు చెప్పింది ఆ ఇంటి ఆడపడుచు. నేను పనిచేసే బళ్లోనే లెక్కలు చెబుతుంది. ఉన్నదానికి ఒక్క మాట కలపదు, ఉన్నదాంట్లో ఒక్కటి దాచదు. ఆవిడ చెప్పినట్టే చెబుతాను. మధ్యలో నోరు ఊరుకోక అన్న మాటలుంటే అవి నావి.

ఆవిడ అన్నయ్య ఆర్కిటెక్టు. వదినా ఆర్కిటెక్టే. ఇద్దరూ ఒకే తరగతి. అక్కడ వదిన ఫస్టు, ఆయన ఆవిడ బొమ్మలు చూసి గీసుకునేవాడు. అప్పుడు ఆయన్ని "నువ్వు" అనేది. పెళ్లయ్యాక "మీరు" అయ్యాడు. ఆఫీసు బోర్డు మీద ఆయన పేరెక్కింది. రెండో పేరుకి చోటు చాల్లేదన్నారు. బోర్డు కొలతలు గీసింది కూడా ఆవిడే.

ఇల్లు కట్టించుకునేవాళ్లతో ఆయన మాట్లాడేవాడు, ఆవిడ గీసేది. "మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుందండీ" అని నలుగురిలో చెప్పేవాడు. భోజనమంతా వండినావిడని, మంచినీళ్లు అందించిందని మెచ్చుకున్నట్టు.

ఆవిడ గీసేది కూడా ఎక్కడనుకున్నారు? అద్దింట్లో, అందరూ తిని లేచాక, తుడిచిన భోజనాల బల్లమీద. అందుకే సొంతిల్లు మొదలెట్టినప్పుడు ఒకే ఒక్కటి అడిగింది. గీసుకోవడానికి ఒక గది.

ఇల్లు నేలమీదకి దిగేముందు కాగితం మీద నాలుగు దశలు దాటాలట. మొదటిది కాన్సెప్టు. పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో ఏ గది ఎటు, వెలుతురు ఎటు అని ఊహ గీస్తారు. దాన్ని ఒప్పుకుంటే దానిమీద ఇంకో కాగితం పరిచి, కొలతలతో రెండోది, స్కీము. మూడోదాంట్లో గొట్టాలు, గూళ్లు, మెట్లు, అన్ని వివరాలూ వస్తాయి. నాలుగోది మేస్త్రీ చేతికిచ్చే వర్కింగు డ్రాయింగులు. అందులో ఉన్నదే గోడవుతుంది. లేనిది... ఎప్పటికీ ఉండదు.

మొదటి దశలో వదిన గది మేడమీద ఉత్తరం వైపు పొడుగంతా ఉంది. నీడ పడని వెలుతురు.

రెండో దశలో ఆయన దాని మధ్యలో వేలు పెట్టాడు. "ఇంత పెద్దదెందుకు నీకు? పెద్దవాళ్లెవరైనా వస్తే పడుకోవద్దూ?" సగం పోయి, అతిథుల గదైంది.

మూడో దశలో ఆ అతిథులకి బాత్రూము కావలసొచ్చింది. అది ఉత్తరపు గోడ వెంబడి సాగింది. వదిన కిటికీ దానికింద పోయింది. రాని అతిథికి స్నానాల గది, ఇంట్లో మనిషికి చీకటి. ఇలాంటి పంపకాలు చూడ్డానికి మనం ఆర్కిటెక్టులు కానక్కర్లేదు.

నాలుగో దశకి ఆవిడకి మిగిలింది నడవలోకి ఒక్క తలుపు. ఆయనకి నడవ గోడ కావాలి. సర్టిఫికెట్లు, ఎవరెవరితోనో దిగిన ఫొటోలు వరసగా తగిలించడానికి.

"మధ్యలో ఈ తలుపేంటి, పంటికింద రాయిలాగ? చెరిపెయ్."

"మరి గదిలోకి ఎట్నుంచి వెళ్లాలి?"

"అవతలవైపు నుంచి పెడదాంలే, తర్వాత."

"అవతల మీ బాత్రూముంది."

"చూద్దామన్నానా?"

ఆ మాటలప్పుడు ఆడపడుచు అక్కడే ఉంది. వదిన ఒక చెయ్యి కడుపుమీద నొక్కుకుని, రెండో చేత్తో తలుపు చెరిపేసిందట. అప్పటికే నొప్పి మొదలైంది. బొమ్మలు మేస్త్రీకి అందితేగానీ పని మొదలవదని ఆయన తొందరపెడుతున్నాడు. ఆవిడ పళ్లబిగువున గీసింది. అవతలవైపు తలుపు గీసే లోపల కడుపులో పేగు పగిలింది. ఆస్పత్రికి తెచ్చేసరికే ఆలస్యమైందన్నారు. ఆలస్యం ఎవరిదో డాక్టర్లు రాయరు.

ఆవిడ పోయింది. బొమ్మలు మాత్రం వెళ్లాయి. ఆయన కాగితాల చుట్ట విప్పి చూడకుండానే సంతకం పెట్టాడు.

మేస్త్రీ ఫోన్ చేశాడు. "సారూ, ఇక్కడో గదికి దారి లేదండి."

ఆయన ఎవరితోనో భోజనంలో ఉన్నాడు. "గీసినట్టు కట్టవయ్యా" అన్నాడు.

గీసినట్టే కట్టారు. నాలుగు గోడలూ లేచాయి, పైన స్లాబు పడింది. ఆయన వచ్చి చూసేసరికి పూత కూడా ఆరిపోయింది. కాసేపు నిలబడ్డాడట. తర్వాత మేకులు తెమ్మన్నాడు, ఫొటోలు తగిలించడానికి.

ఆయన మాత్రం పాత అద్దింట్లోనే ఉండి, ఫొటోలు దించకుండానే దీన్ని అద్దెకిచ్చాడు. వచ్చినవాళ్లు నిలవలేదు. ఈలోగా ఆఫీసూ వట్టిపోయింది. పెన్సిలు పట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు, ఇంక గీసేదెవరు? ఆ ఇల్లు అమ్మితే తప్ప ఆఫీసు తలుపులు తెరిచి ఉండవు. ఒకే ఒక్క బేరం వచ్చింది. బట్టల షాపాయన. ఆయనా నలుగురినీ వాకబు చేశాడు.

"మీరో రాత్రి మేడమీద పడుకోండి సార్. పొద్దున్నే నేనొస్తా. నవ్వుతూ తలుపు తీశారా, ఇల్లు నాది."

అన్నయ్యగారు పెద్దగా నవ్వాడు. దెయ్యాలేమిటి ఈ కాలంలో అన్నాడు. అని, చెల్లెల్ని తోడు తీసుకెళ్లాడు.

"నువ్వు కింద హాల్లో పడుకో. నేను పైన అతిథుల గదిలో పడుకుంటా."

"నీకు భయం లేదన్నావుగా, నేనెందుకు?"

"నాకెందుకు భయం? నువ్వు ఒక్కదానివీ ఇంట్లో ఉండలేవని తెచ్చా."

ఆవిడ పెళ్లి చేసుకోకుండా పదేళ్లుగా ఒక్కతే ఉంటోంది. ఆ సంగతి ఆయనకి గుర్తు చేయలేదు.

దీపాలార్పారు. ఇల్లు సద్దుమణిగింది. పైన ఆయన అటూ ఇటూ దొర్లుతున్న మంచం కిర్రుకిర్రుమంది. తర్వాత అదీ ఆగింది.

ఆవిడకి కునుకు పట్టిందో లేదో... మెట్ల పైనుంచి గుసగుసగా వినపడింది.

"చెల్లీ... మేలుకునే ఉన్నావా?"

"ఊఁ. ఏంటి?"

"ఇక్కడ... ఒక తలుపుంది."

"ఇళ్లన్నాక తలుపులుండవా? పడుకో."

"కాదే..." గొంతు ఇంకా తగ్గింది. "గోడలో."

ఆవిడ లేచి కూర్చుంది. పైన చెప్పుల్లేని అడుగులు మెల్లగా కదిలాయి. నాలుగడుగులు... ఆగాయి.

"అన్నయ్యా, ముట్టుకోకు."

"తెరిచే ఉంది... లోపల దీపం ఉందే." మళ్లీ ఆయన గొంతే, కానీ చెల్లెలితో కాదు. "ఏం... నువ్వింకా పడుకోలేదా?"

తలుపు మూసుకున్న చప్పుడైంది. విసురుగా కాదు. పనిచేసుకునేవాళ్లు, ఎవరూ అడ్డు రాకూడదని దగ్గరగా వేసుకుంటారు చూడండి... అలా.

ఆవిడ ఒక్క ఊపున మెట్లెక్కింది. దీపం వేసింది.

నడవ ఖాళీ. నడవ చివర అతిథుల గది తలుపు బార్లా తెరిచి ఉంది, మంచం ఇంకా వెచ్చగా ఉంది, ఆయన చెప్పులు దానికిందే ఉన్నాయి. బాత్రూములో లేడు. మేడమీద ఇంకో చోటు లేదు. ఆవిడ వచ్చినవి తప్ప కిందకి ఇంకో మెట్లు లేవు.

ఎడమవైపు గోడ ఎప్పట్లాగే ఉంది. నున్నగా, తెల్లగా. ఫొటోల్లో అన్నయ్య వరసగా నవ్వుతున్నాడు.

ఆవిడ చెవి ఆనించింది.

లోపల పెన్సిలు గీతలు పడుతున్న చప్పుడు. గరగర... గరగర... ఆగింది. కాసేపు ఏమీ లేదు. అప్పుడు అన్నయ్య గొంతు, గోడ అవతల్నుంచి, చాలా దూరం నుంచి వస్తున్నట్టు.

"సరే... సరే... మళ్లీ గీస్తా."

గరగర... గరగర...

ఆవిడ గోడ బాదింది. పిలిచింది. లోపల పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. ఎవరో "ష్..." అన్నారు. మళ్లీ మొదలైంది.

మేస్త్రీకి ఫోన్ చేసింది. ఆయన గునపం పట్టుకుని, నిద్ర కళ్లతోనే వచ్చేసరికి తెల్లవారుతోంది. బట్టల షాపాయనా అప్పుడే గేటు తీస్తున్నాడు. చెల్లెలు చెప్పింది ఇద్దరూ విన్నారు. బట్టల షాపాయన ఏ అటకలోంచో దూరి ఉంటాడన్నాడు. మేస్త్రీ బాత్రూము అంతా వెతికాడు. అవతల గోడ తట్టి చూశాడు, పైకప్పు తట్టి చూశాడు. ఎలక దూరే కంత కూడా లేదు.

"నేను కట్టిన గోడేనమ్మా" అన్నాడు. "చిన్న బీట కూడా లేదు. మనిషి ఎట్టా పోతాడు?"

"ముందు పగలగొట్టు."

ఫొటోలు దించారు. గునపం దెబ్బకి పూత రాలింది, ఇటుకలు కదిలాయి. మనిషి పట్టేంత కంత పడ్డాక మేస్త్రీ టార్చి లోపలికి వేశాడు.

అన్నయ్య లోపల నేలమీద, గోడకి ఎదురుగా, మోకాళ్ల మీద ఉన్నాడు. పంచ మోకాళ్ల దగ్గర చిరిగిపోయింది. కుడిచేతి వేళ్లు నల్లగా, బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ వేళ్ల మధ్య పట్టుకోడానికి కూడా మిగలని పెన్సిలు ముక్క.

నాలుగు గోడల నిండా బొమ్మలు. పైనుంచి కింద దాకా, ఒక దాని పక్కన ఒకటి. అన్నీ అదే ఇల్లు. వంకరటింకర గీతలు, గదిలో గది దూరిపోయి, మెట్లు ఎక్కడికీ పోకుండా. చిన్న పిల్లలు గీసినట్టున్నాయి.

ప్రతి బొమ్మ మీదా ఎర్రటి దిద్దుబాటు.

ఆ రాత చూసి చెల్లెలు కంత అంచు పట్టుకుంది. వాలుగా, గుండ్రంగా, పొందిగ్గా... ఇంటి బొమ్మలన్నిటి పక్కనా ఏళ్ల తరబడి చూసిన రాత.

'ఇది ఎవరి గది?'

'వెలుతురు ఎటునుంచి?'

'ఇక్కడ కూర్చునే మనిషిని అడిగారా?'

ఒక్కోదాని కిందా ఒకటే మాట. 'మళ్లీ.'

"నేనూ పిల్లల లెక్కలు ఎర్రసిరాతో దిద్దుతాను" అంది నాతో ఆవిడ. "అంత ఓపిగ్గా ఎప్పుడూ దిద్దలేదు."

ఎర్ర పెన్సిలు కోసం గదంతా వెతికారు. ఆయన జేబులూ వెతికారు. లేదు.

బట్టల షాపాయన ఎప్పుడు వెళ్లాడో ఎవరూ చూడలేదు. గేటు మాత్రం తెరిచే ఉంది.

మేస్త్రీ, చెల్లెలు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని కంతలోంచి బయటికి లాగారు. వెలుతురు పడగానే ఆయన కళ్లు చికిలించాడు. ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. పరీక్ష హాల్లోంచి మధ్యలో లేపిన కుర్రాడిలా కంగారుగా వెనక్కే చూస్తున్నాడు.

"పద అన్నయ్యా, ఇంటికెళ్దాం" అంది.

ఆయన కంత అంచు వదల్లేదు. వంగి, ఆవిడ చెవిలో, లోపలివాళ్లకి వినపడకుండా అన్నాడు.

"ఎలా వస్తానే... మొదటి దశే ఇంకా ఒప్పుకోలేదు."