నొప్పి పదికి ఎంత?

"ముందు ఈ పట్టీ తీసేయండి," అంది ఫిజియో అమ్మాయి.

"తీస్తే తల నిలబడొద్దూ?" అన్నాను.

మా అబ్బాయి మెడకు పట్టీతో బల్ల మీద కూర్చున్నాడు. వాడు సిటీ బస్సు డ్రైవరు. ఏడు నెలల కిందట సిగ్నల్ దగ్గర బస్సు ఆపి ఉంటే వెనక నుంచి లారీ గుద్దింది. బస్సులో ఎవరికీ ఏమీ కాలేదు. వీడి మెడ మాత్రం ఒక్కసారి ముందుకూ వెనక్కూ ఊగింది. అప్పటినుంచి బస్సు ఇవ్వకుండా డిపోలో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఏమీ లేనిది ఇన్నాళ్లు ఎందుకు నొప్పి పుడుతుంది? కంటికి కనపడని జబ్బే పెద్ద జబ్బని నా నమ్మకం.

"ఆంటీ, ఎముక బాగానే ఉంది. కండరాలే పని మరిచిపోయాయి. పట్టీ వేసి ఉంచితే ఇంకా బద్ధకిస్తాయి."

"నాకు బద్ధకమట, విన్నావా అమ్మా?" అన్నాడు మావాడు.

"మెడకన్నాను. మీ సంగతి ఇంకా చూడలేదు," అంటూ ఆమె పట్టీ తీసి నా చేతిలో పెట్టింది.

తల నిలబడింది. అయినా పట్టీని సంచిలో దాచుకున్నాను. ఎప్పుడేం అవసరం పడుతుందో ఎవరు చూశారు?

వారానికి రెండుసార్లు, పన్నెండు వారాలు రమ్మంది. ఒక నోటుపుస్తకం ఇచ్చింది. రోజూ ఇంట్లో వ్యాయామం అయ్యాక నొప్పి పదికి ఎంతో అందులో రాయాలి. తల వంచి రాస్తే మెడ లాగుతోందని వాడు ఆ పని నాకు అప్పగించాడు.

వ్యాయామమంటే ఏదో అనుకున్నాను. వెల్లకిలా పడుకుని, గడ్డం కాస్త లోపలికి లాగి, అవునన్నట్టు తలూపి, పది లెక్కపెట్టేదాకా అలాగే ఉండటం. అంతే. దానికే వాడికి చెమటలు పట్టాయి. తలుపు పక్క కుర్చీలో కూర్చుని నేనూ చెమట తుడుచుకున్నాను.

నాలుగో వారం వాడి తలకు బెల్టు కట్టి, చిన్న లేజర్ లైటు బిగించింది. గోడ మీద కాగితం, కాగితం మీద మెలికలు తిరిగిన గీత. ఎర్రచుక్కను తలతోనే ఆ గీత వెంట నడపాలి.

"గీత ఇక్కడుంది. మీ చుక్క ఎక్కడుంది?"

"మీ జేబులో పెన్ను మీద."

"అక్కడేం గీత లేదే!"

"మెడ ఇంకా మాట వినట్లేదు మేడమ్."

"ఎడమవైపు బాగానే వింటోందిగా. నేను కుడివైపు నిలబడితే అటు కూడా తిరుగుతుందేమో చూద్దాం."

ఆమె కుడివైపు వెళ్లి నిలబడింది. మెడ తిరిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తల అదుపు తప్పి చుక్క ఎక్కడెక్కడికో పోతోందంటే నరం దెబ్బతిన్నట్టే కదా! ఇంటికెళ్లి ఎనిమిది రాశాను.

తొమ్మిదో వారం వాన పట్టుకుంది. బస్టాపు దాకా ఆమెకు గొడుగు పట్టాడు మావాడు. ముగ్గురికీ ఉన్నది ఆ ఒక్క గొడుగే. నేను తడిశాను.

పన్నెండో వారం ఆమె నోటుపుస్తకం ఆఖరి పేజీలు రెండుసార్లు చూసి మూసేసింది.

"మెడ బాగానే తిరుగుతోంది. కానీ నొప్పి ఐదు దగ్గర ఆగిపోయింది. ఇక నావల్ల కాదేమో. వేరే సెంటర్‌లో మా సీనియర్ సార్ ఉన్నారు, ఆయనకు రాసిస్తాను. వచ్చే వారం నుంచి అక్కడికి వెళ్లండి."

"నన్ను వదిలించుకుంటున్నారా?"

"మీకు తగ్గాలనే."

"పర్లేదు లెండి," అని వాడు చెప్పులేసుకోవడానికి బయటికి వెళ్లాడు.

నొప్పి ఎలా ఉందని అడిగినా వాడిది అదే మాట. అందుకే ఆమె వాడి నోటికంటే నా రాతనే నమ్మింది.

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను. "పెద్ద డాక్టరంటే ఆపరేషనా అమ్మా?"

"కాదాంటీ. అంకెలు తగ్గలేదు కదా, అందుకని."

"ఆ అంకెలు వాడివి కావు."

ఆమె పెన్ను ఆగింది.

"వాడు రెండంటే నాలుగు వేసేదాన్ని. పిల్లలు తల్లికి తగ్గించే చెబుతారు కదా! నిట్టూరిస్తే ఇంకో రెండు కలిపేదాన్ని. ఈ మధ్య మరీ నిట్టూరుస్తున్నాడు."

"ఎప్పుడు?"

"ఇక్కడికి రాని రోజుల్లో."

ఆమె కళ్లు మళ్లీ నోటుపుస్తకంలోకి వెళ్లాయి. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి వాడిని లోపలికి పిలిచింది.

"నిజం చెప్పండి. నిన్న నొప్పి పదికి ఎంత?"

"ఒకటి."

"మరి నిట్టూర్పులెందుకు?"

వాడు నావైపు చూశాడు. నేను పైనున్న ఫ్యాను వైపు చూశాను.

"పన్నెండు వారాలు అయిపోతున్నాయని," అన్నాడు వాడు.

ఆమె వాడిని బల్ల మీద కూర్చోబెట్టి రెండు భుజాల మీదుగా వెనక్కి చూడమంది, కొలిచింది. రెండువైపులా సమానమే. సగం రాసిన కాగితం చింపి, బస్సు నడపవచ్చని ఇంకో కాగితం రాసి ముద్ర వేసింది.

"అంటే ఎలాగైనా పంపించేస్తున్నారన్నమాట!"

"ఇక్కడ సంతకం పెట్టండి."

వాడు తల వంచి సంతకం పెట్టాడు. లాగుతోందని అనలేదు. అది నేనొక్కదాన్నే గమనించాను.

ఆమె ఫైలు బీరువాలో పెట్టి తాళం వేసింది. "పేషెంట్‌తో సొంత విషయాలు మాట్లాడకూడదని మాకు రూలు. ఇన్ని వారాలు నోరు కట్టేసుకున్నాను. ఇప్పుడు మీరు నా పేషెంట్ కాదు. సాయంత్రం ఆరింటికి నా డ్యూటీ అయిపోతుంది. మీ బస్సు ఎటు వెళ్తుంది?"

"మీరు ఎటంటే అటు."

"రూటు మారిస్తే ఉద్యోగం పోతుందిరా!" అన్నాను.

ఆమె నవ్వుతూ నా పక్కన కూర్చుంది. "ఆంటీ, మా ఇద్దరి సంగతి తలుచుకుంటే మీకు భయం పదికి ఎంత?"

"తొమ్మిది."

"మీరు కలిపి చెబుతారుగా. నేను ఐదు వేసుకుంటాను."

నాకూ నవ్వొచ్చింది. "వాడిని చూసుకో అమ్మా," అని సంచిలోంచి పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఇంట్లో ఇంకొకటి ఉందని మాత్రం చెప్పలేదు.