ఎర్రమట్టి సీసా

“నా లోయ పోయింది! ఎవరో నా లోయని ఎత్తుకుపోయారు!”

పై గదిలోంచి చిత్రకారిణి వేసిన కేకకి కింద పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. గడియారాలు బాగుచేసే ఆమె భర్త చేతిలోంచి చిన్న ముల్లు జారి ఎక్కడో పడింది. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే అల్లుడు సగం గడ్డం నురగతోనే మెట్లెక్కాడు. అందరికంటే వెనకగా, చేతులు తుడుచుకుంటూ కూతురు వచ్చింది.

అలమరలో గాజు సీసాలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఉన్నది, ఇన్నేళ్ళుగా ఆమె తిరిగిన ప్రతి చోటు నుంచీ తెచ్చుకున్న మట్టి. దాన్ని నూరి, జల్లించి, నూనెలో కలిపి, ఆ చోటి బొమ్మని ఆ చోటి మట్టితోనే వేస్తుంది. కొండకి దుకాణం రంగు పూస్తే పక్కింటివాళ్ళ చొక్కా తొడిగినట్టు ఉంటుందని ఆమె వాదన. ఇప్పుడు లోయ నుంచి తెచ్చిన ఎర్రమట్టి సీసా ఖాళీ. వచ్చే నెల ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగా పెట్టాల్సిన లోయ బొమ్మేమో సగంలో ఉంది.

“పోయింది మట్టే కదోయ్,” అన్నాడు భర్త.

“మీ గడియారంలో స్ప్రింగు పోతే, పోయింది ఇనుప ముక్కే కదా అంటారా?”



రెండేళ్ళ క్రితం ఆ లోయలోనే జారిపడి ఆమె మడమ విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి మంచం పక్కనే కూతురు తీర్పు చెప్పేసింది: ఇక ప్రయాణాలు బంద్. అప్పట్నుంచీ ఆమె మిగిలిన మట్టినే చెంచాతో కొలుచుకుంటూ బొమ్మలు వేస్తోంది. అవి చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ వాటిలో గాలి ఆడదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

“ఎవరూ కదలొద్దు. కేసు నేను తేలుస్తాను,” అన్నాడు అల్లుడు.

“ముందు ఆ నురగ తుడుచుకో, బాబూ,” అంది చిత్రకారిణి.

అతను మొహం తుడుచుకుంటూనే బాల్కనీలోకి దూకాడు. మరుక్షణం అక్కణ్ణుంచి అరుపు. “దొరికింది! మామయ్యా, మీ గులాబీ కుండీలో ఎర్రమట్టి!”

“నేను నీళ్ళు పోస్తానయ్యా, మట్టి పొయ్యను! అసలు నిన్న ఈ గదిలో నువ్వేం వెతికావు?”

“నా సాక్సు!”

“రంగుల గదిలోనా?”

“ఇంట్లో ఎక్కడా దొరక్కపోతే ఇక్కడికి వచ్చాను, మామయ్యా!”

చిత్రకారిణి కుండీలో వేలు పెట్టి చూసింది. మట్టంతా ఎరువుతో కలిసిపోయింది. ఇక బొమ్మకి పనికిరాదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏడవకమ్మా,” అంది కూతురు గబగబా. “అయిపోయిందేదో అయిపోయింది. మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాల్సిందే.”

 భర్త కంటికున్న భూతద్దం తీసి మరీ కూతురి వైపు చూశాడు. రెండేళ్ళుగా రైలు కూత వినపడితేనే కిటికీ మూసే పిల్ల అన్న మాటేనా ఇది?

చిత్రకారిణి మళ్ళీ అలమర దగ్గరికి వెళ్ళింది. ఖాళీ సీసాని వెలుతురుకి పట్టింది. లోపల రవ్వంత ధూళి లేదు. కడిగి, ఆరబెట్టి, మూత బిగించి, చీటీ ముందుకి తిప్పి పెట్టారు. ఆమె నవ్వాపుకుంటూ కిందికి దిగి, తలుపు వెనక చెప్పుల బీరువా తెరిచింది. ఆమె కొండలెక్కే బూట్లకి ఎవరో కొత్త సోల్ వేయించారు, జారకుండా గట్లు గట్లుగా ఉన్నది. కొత్త లేసులు కూడా.

వెనకే అందరూ దిగారు.

“మీ మామయ్య ఈ పని చేస్తే నేలంతా మట్టి ఉండేది,” అంది అల్లుడితో. “నువ్వు చేస్తే సీసా పగిలేది. దొంగతనం చేసి సీసా కడిగిపెట్టే దొంగ ఎవరు? రోజంతా రక్తపరీక్షల ల్యాబులో సీసాలు కడిగే మనిషి.”

కూతురు తల దించుకుంది. “మొన్న నువ్వు ఫోన్లో ఎవరితోనో అన్నావు కదా... ఆ లోయలో సాయంత్రం నీడ ఏ రంగులో ఉంటుందో మర్చిపోయానని. నవ్వుతూనే అన్నావు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదమ్మా.”

“అయితే వెళ్ళమని నోటితో చెప్పడానికేం?”

“నేనే వద్దని, నేనే ఎలా వెళ్ళమంటాను? పైగా భయం నాకు. ఇప్పటికీ భయమే. అందుకే నాన్నని కూడా తీసుకెళ్ళు.”

“నన్నా? నా కొట్టు?” అన్నాడు భర్త. అంటూనే బీరువాలో తన బూట్లు వెతకడం మొదలుపెట్టాడు.

అల్లుడు బుర్ర గోక్కున్నాడు. “అంటే... ఇంతకీ మా ఆవిడేనంటారా?”

“నేననను. దొంగ ఎవరో తన నోటితో చెబితేనే ఈ గడప దాటతాను,” అంది చిత్రకారిణి, బూట్లు చంకలో పెట్టుకుని.

కూతురు ఏడుస్తూ నవ్వింది. తల్లి చంకలోంచి బూట్లు లాక్కుని, నేల మీద కూర్చుని, తనే ఆమె కాలికి తొడిగి లేసు బిగించింది.

“నేనే! పారబోసింది నేనే. వెళ్ళమ్మా!”