తెల్లవారితే శుక్రవారం

చంద్రుడి మీది ప్రవేశాల కార్యాలయంలో హిమజ ఆ పూట మూడో అర్జీ చూస్తుండగా తెర అంచున ఆకుపచ్చ గీత వెలిగింది. వంశీధర్, భర్త. భూమి నుంచి చంద్రవాడకు ప్రవేశం మంజూరు. నౌక ఎల్లుండి.

పదకొండు రోజుల్లో వచ్చేసింది. ఆమె దాన్ని మూడుసార్లు చదువుకుంది.

"ఇంక రెండో కప్పు కొనుక్కోవాలమ్మా," అన్నారు పక్క బల్ల పేర్రాజు గారు.

"పెళ్లయిన మర్నాడే కొనేశానండి."

కిటికీ దగ్గరకు నూకరత్నం వచ్చింది. కూరగాయల గదిలో పని. ప్రతి బుధవారం వచ్చి అడుగుతుంది.

"మా ఆయన అర్జీ ఏటయిందండి? పద్నాలుగు నెల్లయిపోనాది. నా ఎనకాల పెళ్లైనావిడికి బిడ్డ కూడా పుట్టేసింది."

హిమజ ఆ దస్త్రం తెరిచింది. లోపమేమీ కనబడలేదు. అయినా అర్జీలను సరిపోల్చే యంత్రం, తులనిక, దాన్ని ఇరవైసార్లు పోల్చి, ఇరవైసార్లూ వరుస చివరకు నెట్టింది. పెళ్లి తేదీగా భార్య పదిహేడు రాసింది, భర్త పద్దెనిమిది రాశాడు. తులనిక లెక్కలో అవి రెండు వేర్వేరు పెళ్లిళ్లు.

జతచేసిన శుభలేఖ చూసింది. గురువారం రాత్రి 2.40, తెల్లవారితే శుక్రవారం.

నూకరత్నం శుభలేఖ చూసి గురువారం తేదీ రాసింది, భర్త గడియారం చూసి శుక్రవారం తేదీ రాశాడు. హిమజ పెళ్లి పగలు పదింటికి జరిగింది. తనకు పదకొండు రోజులే పట్టడానికి వేరే కారణమేమీ లేదు.

తెర మీద రెండు మీటలున్నాయి. 'అర్జీదారు దోషం' అంటే నూకరత్నం మళ్లీ మొదటినుంచి రావాలి. 'నియమ దోషం' అంటే ఆ నియమం కింద నలిగిన అర్జీలన్నీ బయటికొస్తాయి. అవి తేలేదాకా, ఇంకా నౌక ఎక్కని భార్యాభర్తల మంజూరులన్నీ ఆగుతాయి.

"నీదీ ఆగిపోద్దమ్మా," అన్నారు పేర్రాజు గారు నెమ్మదిగా.

"ఎన్నాళ్లండి?"

"ఇంతవరకూ ఎవరు నొక్కారు గనక, చెప్పడానికి."

హిమజ కాసేపు ఆకుపచ్చ గీతను చూసి, రెండో మీట నొక్కింది. గీత పసుపైంది. తులనిక ఆగిపోయి, నలిగిన అర్జీల సంఖ్య చూపించింది: 412.

భర్తకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. మాట అటు వెళ్లి ఇటు రావడానికి రెండున్నర సెకన్లు.

"అయితే పెట్టె విప్పెయ్యనా?"

"విప్పకు. పైపైన చొక్కాలు తీసి వేసుకో, చాలు."

అతను నవ్వాడు. ఆమె ఫోన్ పెట్టేసి కిటికీ వైపు తిరిగింది.

"నూకరత్నం గారూ, తప్పు మీది కాదు. అందరిదీ కలిపి సరిచేస్తాం."

"మరి నానేటి సెయ్యాలండి?"

"రేపు సెలవైనా ఎనిమిదికల్లా ఇక్కడుంటాం. పేర్రాజు గారు శుభలేఖలన్నీ చదివి ముహూర్తం చెప్తారు, నేను తేదీ దిద్దుతాను. మీరొచ్చి పక్కన కూర్చోండి. మొదట మీదే తీస్తాం."