చక్కెర ఎంత?

కాఫీతో పాటు చక్కెర గిన్నె, చెంచా వేరుగా పట్టుకొచ్చి, "చక్కెర ఎంత వెయ్యమంటారు?" అని ప్రసన్న అడిగింది కరుణాకర్‌ను.

జవాబు అతని తల్లి ప్రమీలమ్మ చెప్పింది. "మావానికి తక్కువమ్మా. అర చెంచా చాలు."

ప్రసన్న అర చెంచా వేసింది. కరుణాకర్ తాగాడు. చేదు మందు తాగినట్టే మొహం పెట్టాడు గానీ, అది చూసింది ప్రసన్న ఒక్కతే.

నంద్యాలలో పెళ్లిచూపులు జరుగుతున్న ప్రసన్న వాళ్ల ఇల్లు అది. ప్రసన్న నాయన బంగారు పని చేస్తాడు. కరుణాకర్ నాయన సుబ్బయ్యాచారి ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. విగ్రహం అంతా అయినాక, గుళ్లో నిలబెట్టినాక, చివర్న బంగారు సూదితో కనుపాపలు గీసి దేవుడి కళ్లు తెరవాలి. ఆ సూదులు చేసిచ్చేది ప్రసన్న నాయనే. సూది కోసం వస్తూ పోతూ పెద్దోళ్లిద్దరూ ఒకరోజు వియ్యం మాట ఎత్తుకున్నారు.

సినిమాలు చూస్తారా అని ప్రసన్న రెండో ప్రశ్న వేసింది. చూస్తే నిద్రపోతాడని ప్రమీలమ్మ చెప్పింది. ఏం తినడం ఇష్టం అంటే, వంకాయ పెడితే చాలు, ఇంకేం అడగడని చెప్పింది.

"ఆంటీ, ఆయనతో మిద్దెమీద ఒక పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అంది ప్రసన్న.

ప్రమీలమ్మ తనూ లేవబోయింది. సుబ్బయ్యాచారి అప్పుడే మోకాలు పట్టుకుందని మూలిగి, ఆమెను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

మిద్దె ఎక్కగానే ప్రసన్న నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"మీ అమ్మ పైకి రాలేదు. ఇప్పుడన్నా మాట్లాడతావా?"

మాట్లాడతానన్నాడు. అని పిట్టగోడ మీది సున్నం గోటితో గీకాడు.

"ఎప్పుడన్నా ఒక్కడివే యాడికన్నా పోయినావా?"

కరుణాకర్ నిజాయితీగా ఆలోచించాడు. "బేతంచెర్లకు పోయినా. బండల కోసం."

"ఒక్కడివేనా?"

"లారీ డ్రైవరుండె."

ప్రసన్న నవ్వింది. ఆ నవ్వు తన మీదే అని తెలిసినా, ఇంకోసారి నవ్వితే బాగుండుననిపించింది కరుణాకర్‌కు. ఇరవై ఏడేండ్లలో తనకు ఏం కావాలో అంత గట్టిగా తెలియడం అదే మొదలు.

"నువ్వు నచ్చలేదని కాదు," అంది ప్రసన్న. "నువ్వెట్లాంటోనివో తెలీలేదు. మీ అమ్మ మాత్రం బాగా తెలిసింది."

అప్పుడు చెప్పాడు. వచ్చే గురువారం ఆస్ట్రేలియా పోతున్నాడు. అక్కడి మనోళ్లు కట్టుకున్న గుడికి వినాయకుణ్ణి చేసిచ్చారు. విగ్రహం ఎప్పుడో ఓడలో పోయింది. కళ్లు తెరవడానికి నాయనే పోవాలి గానీ, ఆయన మోకాళ్లు సహకరించడం లేదు. విమానం ఎక్కడం ఇదే మొదలు. మధ్యలో కౌలాలంపూర్‌లో దిగి, పదమూడు గంటలు ఇంకో విమానం కోసం కూర్చోవాలి.

"పదమూడు గంటలూ కూర్చుంటావా?"

"ఇంగ్లీషు సరిగ్గా రాదు. తెలీని ఊరు."

"బయటికి పో. ఒక్కడివే తిరిగి, ఏం చూసినావో నాకు చెప్పు. అప్పుడు నా మాట చెప్తా."

ఇద్దరూ కిందికి దిగి, పెద్దోళ్లకు పది రోజుల్లో చెప్తామన్నారు. ఫోన్ నంబరు కూడా ప్రసన్నే అడిగింది.

*

పొద్దున ఎనిమిదింటికి కౌలాలంపూర్‌లో దిగాడు. విమానాశ్రయం వైఫై పట్టుకుని 'దిగినా' అని మెసేజ్ పెట్టాడు.

'బయటికి పో' అని వచ్చింది.

'బయట ఫోన్ పని చెయ్యదు.'

'ఇంకా మంచిది. మీ అమ్మ ఫోన్ గూడా రాదు.'

పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టించుకుని రైలెక్కాడు. బంగారు సూది పెట్టిన చిన్న డబ్బీ చొక్కా లోపలి జేబులో ఉంది. రెండు నిమిషాలకోసారి తడిమి చూసుకున్నాడు. ఊళ్లో దిగాక ఎటు పోవాలో తెలియక కాసేపు నిలబడ్డాడు. అడగడానికి పక్కన ఎవరూ లేరు. కుడివైపు పోదామా అని తనను తానే అడిగి, సరే అని తనే చెప్పుకున్నాడు.

ఆ ఊరికి పేరు తెచ్చిన అద్దాల జంట గోపురాలను దూరం నుంచే తలెత్తి చూశాడు. మెడ నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. అక్కడి నుంచి కళ్లు కిందికే పోయాయి. మెట్ల బండలు, గోడల అంచులు, స్తంభాల మొదళ్లు. ఎవరూ చూడకుండా వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు. లోపల పగులున్న రాయి ఒక తీరుగా పలుకుతుంది, గట్టి రాయి ఇంకో తీరుగా. ఆళ్లగడ్డలో రాయిని మోగించి ఏరేది నాయనే. ఇక్కడ నాయన లేడు. ఇది మంచి రాయి, ఇది కాదు, అని ఊరంతా తనే తీర్పులు చెప్పుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. మన వానలాగా సణుక్కుంటూ రాలేదు. ఒక్కసారిగా కుమ్మరించింది. పరుగెత్తి పాత వీధిలో ఒక చీనా గుడి చూరు కిందికి దూరాడు. వాకిట్లో రెండు రాతి సింహాలు. ఒకదాని నోట్లో నిమ్మకాయంత రాతి ఉండ.

వేలు పెట్టి కదిపాడు. ఉండ దొర్లింది. బయటికి లాగబోతే పళ్లకు తగిలి ఆగింది. అతికింది కాదు, ఒకే రాయిలోంచి లోపలే చెక్కింది. నోరు అంత ఇరుకుగా ఉంటే ఉలి ఎట్ల తిప్పినాడో ఆ మహానుభావుడు. వాన తగ్గినా కరుణాకర్ అక్కడే చతికిలబడి, ఉండను దొర్లిస్తూ గంటసేపు ఉండిపోయాడు. గుడి ముసలాయన వచ్చి చూశాడు. కరుణాకర్ కాయలు కాచిన తన అరచేయి చూపించి, గాలిలో ఉలి సుత్తి పట్టినట్టు రెండు దెబ్బలు వేశాడు. ముసలాయన పెద్దగా నవ్వి భుజం తట్టి పోయాడు. తిరగడం మొదలెట్టినాక అదొక్కటే సంభాషణ. ఒక్క మాటా లేదు.

మలుపు దగ్గర టీ అంగడి. టీ పోసేవాడు గరిటె ఎత్తిపట్టుకుని "షుగర్?" అన్నాడు.

కరుణాకర్ అలవాటుగా పక్కకు తిరిగి చూశాడు. తడిసిన గోడ తప్ప ఎవరూ లేరు.

"ఎక్కువ," అన్నాడు తెలుగులోనే. చేత్తో కుప్ప చూపించాడు.

అంగడాయన టీని ప్లాస్టిక్ కవర్లో పోసి, మనకు హోటల్లో సాంబారు కట్టిచ్చినట్టు కట్టి, గొట్టం గుచ్చి ఇచ్చాడు. నడుస్తూ ఆఖరు చుక్క దాకా పీల్చాడు.

*

సాయంత్రం ఆరున్నరకు విమానాశ్రయానికి తిరిగొచ్చి, వైఫై దొరకగానే ప్రసన్నకు ఫోన్ చేశాడు. మన దగ్గర అప్పుడు నాలుగు. మొదటి రింగుకే ఎత్తింది.

ఏం చూసినావంటే గోపురాల సంగతి రెండు మాటల్లో తేల్చేసి, సింహం సంగతి ఆగకుండా చెప్పాడు. ప్రసన్న మధ్యలో అడ్డు రాలేదు. టీ గురించీ, ఎక్కువ చక్కెర గురించీ చెప్తే మాత్రం నవ్వింది. మిద్దెమీది నవ్వే.

"నోట్లో ఉండ దొర్లుతాంది, బయటికి రాదు. నీ మాదిరే ఉందే ఆ సింహం," అంది.

"నా మాదిరే. కానీ ఇప్పుడొస్తాంది," అన్నాడు కరుణాకర్. "నువ్వు నాకు నచ్చినావు ప్రసన్నా. ఇది మా అమ్మ చెప్పింది కాదు. నేను చెప్తాండా. ఇంక నీ మాట చెప్పు."

ఫోన్‌లో అవతల ఏదో చప్పుడు. రెండు పెద్ద దెబ్బలు, ఒక చిన్న దెబ్బ. మళ్లీ రెండు పెద్దవి, ఒక చిన్నది. పుట్టినప్పటి నుంచి వింటున్న సుత్తి అది.

"అది మా నాయన దెబ్బ," అన్నాడు మెల్లగా. "యాడుండావ్ నువ్వు?"

"ఆళ్లగడ్డలో."

కడపకు పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూడడమే గానీ ఆ ఊళ్లో ఎప్పుడూ దిగలేదంట. తాను పనిచేసే విత్తనాల కంపెనీలో సెలవు చెప్పి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కిందంట.

"నిన్ను తెలీని ఊర్లో తిరగమని పంపించి నేను ఫ్యాను కింద కూర్చుంటే ఏం బాగుంటాది? అందుకే వచ్చినా. ఎవర్నీ దారి అడగలా. రోడ్డు పొడుగునా మొహాలు ఇంకా చెక్కని దేవుళ్లను చూసుకుంటా, ఉలి చప్పుడు పట్టుకుని వచ్చినా. చెప్పులనిండా రాతి పొడే."

"మా అమ్మ ఏమనింది?"

"నన్ను చూసి గుమ్మం పట్టుకుని నిలబడింది. మీ నాయన కూర్చోమని ఒక బండ తుడిచిచ్చినాడు."

కరుణాకర్ జేబులో సూది డబ్బీ మీద చేయి వేసుకున్నాడు. "నా మాటకు జవాబు చెప్పలేదు నువ్వు," అన్నాడు.

ఆమె ఏదో చెప్పబోయేలోపే వంటింట్లోంచి ప్రమీలమ్మ కేక వినిపించింది. "ఏమ్మా, కాఫీలోకి చక్కెర ఎంత?"

ప్రసన్న ఫోన్ పక్కకు తీయకుండానే, అతనికి వినపడేటట్టు చెప్పింది.

"నాకు తక్కువే అత్తా. మీ కొడుక్కే ఎక్కువ కావాలంట."

'ఆంటీ' పోయి 'అత్తా' వచ్చింది. సుత్తి ఆగింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. ప్రమీలమ్మ దగ్గర జవాబు లేకపోవడం కరుణాకర్ వినడం అదే మొదటిసారి.