ఆదివారం కుట్లు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నేను చేసే మొక్కజొన్న రొట్టె ఈ జన్మలో పొంగకూడదు, నా కుండలో మజ్జిగ పురుగు పట్టాలి, మా ఆడపడుచు వెర్సీ పెట్టె సర్దుకుని వచ్చి ఏడాది పాటు నా ఇంట్లోనే మకాం వెయ్యాలి. మొదటి రెండు ఒట్లూ ఎవరైనా వేస్తారు ట్విలా. మూడోది వేశానంటే నమ్మాల్సిందే.

కాఫీ తాగు. నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. చర్చి నించి తిన్నగా ఇటు వచ్చావు, గుమ్మం దాటగానే నీ కళ్ళు ఆ పక్కగదిలోకి పోయాయి. ఆ నల్ల మిషను కోసం వచ్చావు. ఈమధ్య మీ వయసు వాళ్ళకి బొంతలు కుట్టడానికి పాత మిషన్లే కావాల్సొస్తున్నాయి. మంచిదే. ఇవ్వనని నేననను. కాని ముందు ఇది విను.

దాని గొప్ప చెప్పకపోతే పాపం తగులుతుంది, కాబట్టి గొప్పే ముందు. మెడ పొడుగునా బంగారు తీగలు, పూలు. కుట్టేటప్పుడు కుడిచెయ్యి ఆనే చోట మాత్రం పూలన్నీ అరిగిపోయి నున్నటి నలుపు తేలింది. అక్కడ చెయ్యి పెడితే ఎవరో పక్కకి జరిగి చోటిచ్చినట్టుంటుంది. కింద ఇనప పలక మీద పాదాలు ఆనించి మెల్లగా ఊపావంటే తోలు పట్టీ చక్రాన్ని తిప్పుతుంది. కరెంటు అక్కర్లేదు. మంచు తుఫానుకి తీగలు తెగి మన లోయంతా గుడ్డిదైపోయినా అది నడుస్తుంది. ఒక్క కుట్టు కావాలంటే ఒక్క కుట్టే వేస్తుంది. ఆరు మడతల జీన్సు గుడ్డలో కూడా మజ్జిగలో వేలు పెట్టినట్టు సూది దిగిపోతుంది. ఓసారి గుడ్డ కింద గుర్రపు నాడా ఉన్న సంగతి చూసుకోలేదు, దాన్ని కూడా కలిపి కుట్టేసింది. నవ్వకు. నాడా కొట్టంలో ఉంది, కావాలంటే చూపిస్తా.

వెర్సీ దగ్గర కంప్యూటర్ మిషను ఉంది. మూడొందల రకాల కుట్లు వేస్తుందట, పువ్వులు వేస్తుందట, పేరు రాస్తుందట.

"వదినా, ఆ ఇనప గాడిదని తొక్కీ తొక్కీ నీ మోకాళ్ళు పోతాయి," అంది నేను దీన్ని తెచ్చిన రోజున.

"నా మోకాళ్ళ సంగతి సరే. తొక్కకుండానే నీ మోకాళ్ళెందుకు పోయాయమ్మా?" అన్నాను. దానికి మోకాలి నొప్పి. ఆదివారం పూట చర్చి టైముకి మాత్రమే వస్తుందనుకో ఆ నొప్పి.

మిషను డెల్ఫియాది. కొండ మలుపులో ఉండేది చూడు, ఆవిడ. పోయాక వాళ్ళబ్బాయి సామానంతా వాకిట్లో పెట్టేస్తే, నా కోడిపుంజునిచ్చి దీన్ని తెచ్చుకున్నాను. ఆ పుంజు గాడిదంత ఎత్తుండేదిలే. డెల్ఫియా కుట్టని బొంత ఈ లోయలో ఏ మంచం మీదుంది చెప్పు? అంత పనిమంతురాలు. ఒక్కటే లోటు. ఆదివారం పాటించేది కాదు. మేమంతా చర్చికి పోతుంటే ఆవిడ కిటికీలోంచి టకటకటక అని మిషను చప్పుడు. పాస్టరు గారు గేటు దగ్గర నిలబడి గట్టిగా దగ్గితే ఆవిడ ఇంకా జోరుగా తొక్కేది.

ఆదివారం సూది పట్టినవాళ్ళ గతేమిటో మీ అమ్మమ్మ నీకు చెప్పే ఉంటుంది. వేసిన ప్రతి కుట్టూ చచ్చాక పైలోకంలో ముక్కుతో విప్పుకోవాలి. చేతులు వాడకూడదు, పళ్ళు వాడకూడదు. ముక్కుతోనే. ఎవరి ఆదివారం కుట్లు వాళ్ళే. చిన్నప్పుడు అది తల్చుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఇప్పుడు నవ్వను.

మా ఆయన, మీ హర్షెల్ బాబాయి, కిందటి శీతాకాలం రాకముందే పోయాడు కదా. ఉన్నన్నాళ్ళూ గురక పెట్టి నన్ను నిద్రపోనిచ్చేవాడు కాదు. కొండ అవతలి ఊళ్ళో కుక్కలు మొరిగేవి ఆ గురకకి. పోయాక ఆ గురక లేక నిద్ర రాదు. మంచంలో ఆ వైపు ఎన్ని దుప్పట్లు పరిచినా ఐసుగడ్డలా ఉంటుంది. అందుకని ఆయన గళ్ళ చొక్కాలు మొత్తం, ఒక్కటి కూడా మిగల్చకుండా, ముక్కలుగా కోసేశాను. బొంత కుట్టి కప్పుకుందామని. కోసేశాక ఇంక చొక్కా అనేది లేదు. ఆ ముక్కలే ఆయన.

సోమవారం మొదలుపెట్టాను. శనివారం సాయంత్రానికి పై వరసలన్నీ జతపడ్డాయి. మిషను ఎంత బాగా నడిచిందో! గీత గీసినట్టు కుట్టు. ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చి చూద్దును కదా... దేనికది విడిపోయి ఉన్నాయి ముక్కలు. చింపినట్టు కాదు. శుభ్రంగా కుట్లు విప్పి, దారం పోగులన్నీ పక్కన చిన్న గుట్టగా పెట్టి ఉన్నాయి. గుడ్డ అక్కడక్కడా తడి.

తిట్టుకున్నాను. మళ్ళీ సోమవారం కూర్చున్నాను. మళ్ళీ కుట్టాను. మళ్ళీ ఆదివారం... మళ్ళీ గుట్ట.

కడుపు మండిపోయింది ట్విలా! నీకు తెలుసుగా, ముక్కల అంచున కుట్టు కోసం మనం వదిలేది పావు అంగుళం. విప్పిన ప్రతిసారీ ఆ అంచు పోగులూడిపోతుంది. రెండుసార్లు విప్పేసరికే నీలం చొక్కా ముక్కలు పట్టుకుంటే పీచులా చేతికొస్తున్నాయి. ఇంకొక్కసారి విప్పితే కుట్టడానికి గుడ్డే ఉండదు. ఆయన్ని రెండోసారి పాతిపెట్టినట్టే.

తిన్నగా వెర్సీ ఇంటికెళ్ళాను.

"మోకాలి వంక పెట్టి చర్చి మానేసి, దొంగచాటుగా నా ఇంట్లో దూరి కుట్లు విప్పుతున్నది నువ్వే కదే?"

"నాకేం ఖర్మ వదినా? మా అన్నయ్య చొక్కాలు నేను పాడుచేస్తానా?" అంది ముందు. అక్కడితో ఆగితే వెర్సీ ఎందుకవుతుంది? "అయినా ఆ ఇనప గాడిద కుట్టిన కుట్టు నిలవకపోతే నన్నంటావేం? తుమ్మితే ఊడిపోయి ఉంటాయి. మా మిషను మీద కుట్టివ్వనా, పక్కన గులాబీ పువ్వులతో?"

"మీ అన్నయ్య మీద గులాబీలా! ఆయన లేచొస్తాడు," అని వచ్చేశాను.

ఆ వారమూ ముక్కలన్నీ మళ్ళీ కుట్టి పెట్టాను, ఆదివారం మాత్రం చర్చికి వెళ్ళలేదు. కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, తలుపు ధడాలున వేసి, పెరటి గుమ్మంలోంచి పిల్లిలా లోపలికొచ్చాను. పక్కగదిలో కొక్కేనికి హర్షెల్ పెద్దకోటు ఇప్పటికీ వేలాడుతోంది చూశావా? దాని వెనక నక్కాను. ఆ కోటు వెనక ఇద్దరు పట్టేస్తారు.

ఆ రోజు పొగమంచు లోయలోకి దిగి కిటికీలకి తెల్లగుడ్డ కట్టినట్టుంది. పగలే గదిలో దీపం కావాల్సినంత మసక. పొయ్యిలో బొగ్గు చిటపటలాడి ఆగిపోయింది. కోటుకి పొగాకు వాసన, పొయ్యిబూడిద వాసన. మిషను నూనె వాసన సన్నగా. కొండ మీద చర్చి గంట మోగింది. వెర్సీ వస్తే పట్టుకుందామని చీపురు కూడా చేతిలో పెట్టుకున్నాను.

గంట ఆగింది.

నూనె వాసన ఎక్కువైంది. దాని కింద ఇంకో వాసన... తడిమట్టిది. ఇప్పుడే తవ్విన మట్టి.

తలుపు తియ్యలేదు. ఎవరూ నడవలేదు. కాని చప్పుడు మాత్రం వచ్చింది.

ఫ్... ఫ్... ఫ్...

కుక్క పిండి బస్తాని వాసన చూస్తుందే, అలా. ఆగి... ఆగి. తర్వాత సన్నగా, ప్టక్. దారం తెగిన చప్పుడు.

కోటు చెయ్యి పక్కకి జరిపి చూశాను.

మిషను ముందు ఎవరో వంగి కూర్చుని ఉన్నారు. వీపు మాత్రమే కనిపిస్తోంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఉంది, ఎవరో కట్టేసినట్టు. మొహం నా బొంత మీద పెట్టి... తోస్తోంది. కుట్టు కిందికి దూర్చి పైకి ఎగదోస్తోంది. ప్టక్. మళ్ళీ తోస్తోంది. గుడ్డ తడిసిపోతోంది.

ఆ జుట్టు ముడి నాకు తెలుసు.

చీపురు జారిపోయింది. నా గుండె కొట్టుకున్న చప్పుడుకి అటకమీది జాడీలన్నీ గలగలలాడాయి. పరుగెత్తేదాన్నే. కాని తలుపువైపు తిరిగేలోగా ఆవిడ నీలం చొక్కా వరస దగ్గరికొచ్చింది. ఆ పీచులు! అంతే, భయం పోయి కోపం వచ్చేసింది.

"డెల్ఫియా," అన్నాను. "అవి నావి."

తల ఎత్తలేదు.

"ఆదివారంవి..." అంది గుడ్డలోంచే.

"కావు! ఒక్కటి కూడా కాదు. ఆదివారం నేను సూది ముట్టను."

"నా మిషనే... కుట్టు ఒకటే... కళ్ళు లేవు లూడీ... ముక్కుతో తడుముకోవడమే..."

అవును మరి. ఆ మిషను కుట్టు ఎవరు తొక్కినా ఒకేలా పడుతుంది. దాని గొప్పే అది! ఆవిడ కుట్టేదో నా కుట్టేదో దేవుడొచ్చినా చెప్పలేడు.

"మరి నావెక్కడ?" అంది. మెల్లగా తల నావైపు తిప్పింది.

అది చెప్పను. కాఫీ తాగుతున్నావు. ముక్కు ఉండాల్సిన చోట... అన్నేళ్ళ ఆదివారాల కుట్లు కదా... అరిగిపోయి ఉంది అని మాత్రం అనుకో.

నోటికి ఏదొస్తే అది అనేశాను. "వెర్సీ మంచం మీదుంది ఒకటి! దాని పెళ్ళికి నువ్వే ఇచ్చావు. వాగు దాటి ఎడమ పక్క ఇల్లు."

కుర్చీ కిర్రుమంది. తడిమట్టి వాసన పోయింది. కుర్చీ ఖాళీ.

అక్కడితో పోయి పక్కమీద పడుకుని ప్రార్థన చేసుకుంటే బాగుండేది. కాని ఆ ముక్కలు చూశాను. సగం వరసలు విడిపోయాయి. నీలం చొక్కాకి మిగిలిన అంచు నా గోరంత కూడా లేదు. ఇవాళ తనవి కావనుకుని పోయింది, వచ్చే ఆదివారం మళ్ళీ దారి తప్పి రాదని ఏమిటి? సోమవారం దాకా ఆగి కుట్టిన వాటినే కదా ఆవిడ విప్పుతోంది?

అప్పుడు తట్టింది. ఎవరి ఆదివారం కుట్లు వాళ్ళే. అంటే ఆదివారం నేను కుట్టినవి డెల్ఫియా ముట్టుకోకూడదు. నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

టోపీ కూడా తియ్యకుండా కూర్చున్నాను. కొండ మీద వాళ్ళు పాటలు పాడుతున్నారు, నేను తొక్కుతున్నాను. పాట హెచ్చితే నేనూ హెచ్చించాను. పాదాల కింద పలక వేడెక్కిపోయింది. మిషను ఎప్పుడూ అంత బాగా నడవలేదు ట్విలా. ఎవరో పక్కన నిలబడి గుడ్డ అందిస్తున్నట్టు నడిచింది. చివరి పాట అయ్యేసరికి చివరి కుట్టు పడింది.

మర్నాడు పొద్దున్నే వెర్సీ వచ్చింది. జుట్టునిండా దూది.

"వదినా! నిన్న మధ్యాహ్నం మోకాలికి వేడి ఇటుక పెట్టుకుని కునుకు తీశాను. లేచి చూస్తే నా పెళ్ళి బొంత పీలికలు పీలికలు! ఈకలు పీకిన కోడిలా ఉన్నాను దూదిలో. మంచమంతా తడి!"

"నీ వయసులో మంచం తడవడం మామూలే వెర్సీ."

"నీ నోరు పడ!" అంది. అని కూర్చుని, జుట్టులోంచి దూది పీక్కుంటూ పోయింది. తర్వాత మెల్లగా, "ఎవరో నా మొహం కూడా వాసన చూశారు వదినా," అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక్కొక్క ఇంట్లో ఒక్కో బొంత ఊడిపోతోందని విన్నావుగా. మీ అమ్మ పక్కమీది బొంత కూడా డెల్ఫియాదే. చలికాలం జాగ్రత్త.

నా బొంత మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వైపు మంచం వెచ్చగా ఉంటోంది. నాకేం విచారం లేదు. చచ్చాక కదా విప్పాల్సింది, అప్పటికి చూసుకుందాం, నా ముక్కు పెద్దదే.

అనుకున్నాను.

ఇలా దగ్గరికి రా. వెలుతురులో చూడు. నా ముక్కు చివర ఎర్రగా ఒరుసుకుపోయి కనిపిస్తోందా? ఇవాళ పొద్దున లేచేసరికి ఇలా ఉంది. చలికి అనుకున్నాను. తుడుచుకుంటే రుమాలుకి నీలం దారం పోగు ఒకటి అంటుకుంది. బొంత చూస్తే నీలం చొక్కా వరసలో ఒక జానెడు కుట్టు విడిపోయి ఉంది. తడిగా.

నేనింకా చావలేదు కదా, ట్విలా?

సరే, కాఫీ అయిపోయిందిగా. లే. ఆ గదిలోకెళ్ళి మిషను మీద గుడ్డ కప్పిరా, తర్వాత నువ్వు పట్టుకుపోదువుగాని. నావల్ల కావడం లేదు, పొద్దున్నించీ గుమ్మం దాకా వెళ్ళి వచ్చేస్తున్నాను. చక్రం తిరుగుతుంటే చేత్తో ఆపకు. కుర్చీలో డెల్ఫియా ఉంటే వాగు అవతలి ఇళ్ళ పేర్లు చెప్పు, పోతుంది.

అచ్చం నాలా ఉన్నది ఎవరైనా కూర్చుని ఉంటే మాత్రం పలకరించకు. ఊరికే వచ్చి నాకు చెప్పు.