పదిహేను వందల దగ్గర ఆగే ముల్లు

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మా ఫ్లాట్ల వెనక గ్యారేజీల వరసుంది. చీకటి పడితే అందులో చివరి గ్యారేజీ ముందునుంచి ఎవరూ నడవరు. కుక్కల్ని తిప్పేవాళ్లు కూడా చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా వస్తారు.

అక్కడ దెయ్యం మనిషి కాదట... కారట. కారు దెయ్యమవడమేమిటని నేనూ నవ్వాను. నవ్వింది పట్టపగలు లెండి.

ఈ సంగతి నాకు చెప్పింది కేశవరావుగారు. సర్కారు వర్క్‌షాపులో మీటర్లు బాగుచేసి రిటైరై, ఇప్పుడు పాత కార్ల పిచ్చోళ్లకి టాకోమీటర్లు సరిచేసి పెడుతున్నారు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ముల్లుతో చూపించే మీటరది. ఆయన చేపల ధర విషయంలో అబద్ధమాడొచ్చుగానీ, రీడింగు విషయంలో ఆడరు. అందుకే నమ్ముతున్నాను.

ఆ గ్యారేజీ రాధాకృష్ణమూర్తిగారిది. ఆయన దగ్గర ఓ విలాయతీ కారుండేది. దాని వయసు నలభై తొమ్మిదేళ్లు. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండిని తుక్కంటారు, యాభై దాటితే వింటేజ్ అని దండేస్తారు. ఒక్క ఏడాది... ఒక్క ఏడాది తక్కువై ఆ కారు తుక్కులోకి పోయింది. నెల తిరక్కుండా ఆయనా పోయారు. నాకైతే ఈ కథలో భయం కన్నా ఇక్కడే ఎక్కువ కడుపు మండింది.

ఆయన భార్య జానకీదేవిగారు టాకోమీటరొక్కటి విప్పించి, గ్యారేజీ గోడకి పెట్టించారు. లోపలి చిన్న బల్బు దీపంలా వెలగాలని పాత బ్యాటరీ తగిలించారు. అప్పట్నుంచి మొదలైంది...

రోజూ చీకటి పడగానే ముల్లు లేస్తుంది. కారు లేదు. ఇంజను లేదు. ముల్లు మాత్రం పదిహేను వందల దగ్గరికి వచ్చి నిలబడుతుంది — తెల్లారేదాకా! షటర్ సందులోంచి అది చూసిన గార్డు మర్నాడే డే డ్యూటీ అడుక్కున్నాడు.

కొడుకు సుధీర్‌కి ఇదంతా తలనొప్పి. గ్యారేజీ అమ్మేద్దామంటే తల్లి తాళం ఇవ్వదు. "మీ నాన్న ఉన్నారురా అందులో" అంటుంది. చివరికి ఓ ఒప్పందానికొచ్చారు. కేశవరావు అన్నయ్యగారు చూసి, ఆ ముల్లు తిప్పేది నాన్న కాదని తేలిస్తే — తల్లి తాళం ఇచ్చేస్తుంది. తేల్చలేకపోతే సుధీర్ ఇక తాళం అడగకూడదు.

డిసెంబరు. ఏడున్నరకే మంచు దిగిపోయింది. ముగ్గురూ గ్యారేజీలోకి వెళ్లి, తమ వెనక షటరు సగం దించారు.

చీకట్లో పచ్చగా వెలుగుతోంది మీటరు. ముల్లు... పదిహేను వందలు. కదల్లేదు, వణకలేదు.

కేశవరావుగారు మీటరు వెనక్కి టార్చి వేశారు. ఒక్కసారిగా పెద్దగా నవ్వారు. ఆ నవ్వుకే సుధీర్ సగం చచ్చాడట.

"ఏ ఎలక్ట్రీషియనమ్మా కట్టింది? ఇంజనుకి పోవాల్సిన ఈ వదులు వైరుని తీసుకెళ్లి వీధిలైట్ల కరెంటు వైరుకి చుట్టేశాడు!" అన్నారాయన. "మన కరెంటు సెకనుకి యాభైసార్లు కొట్టుకుంటుంది. నాలుగు సిలిండర్ల బండి మీటరు దాన్ని పట్టుకుంటే సరిగ్గా పదిహేను వందలు చూపిస్తుంది. నేను మీటర్లు సరిచూసుకునేది ఆ కరెంటుతోనే కదా!"

"మతలబ్... లైట్లు వేయగానే?" అన్నాడు సుధీర్.

"వేయగానే లేస్తుంది. ఆర్పితే పడుకుంటుంది."

ఆ మాట నోట్లో ఉండగానే — టప్‌మని కరెంటు పోయింది.

బయట సందంతా చీకటి. బ్యాటరీ మీదున్న మీటరు మాత్రం వెలుగుతూనే ఉంది. ముల్లు మెల్లగా కిందికి జారింది... వెయ్యి... అయిదొందలు... సున్నా.

"చూశారా!" అన్నారు కేశవరావుగారు సంబరంగా. అన్నాక ఆవిడ మొహం చూసి ఆయనకే మనసు చివుక్కుమంది. ఒక మనిషిని రెండోసారి పోగొట్టినట్టనిపించిందట.

సుధీర్ చెయ్యి చాపాడు. "చాబీ దే దో, మమ్మీ."

జానకీదేవిగారు తాళం ఇవ్వలేదు. చిన్న గొంతుతో అన్నారు —

"అది ఆయన కాదని నాకూ తెలుసు అన్నయ్యగారూ. మీ బావగారు ఆగి ఉన్న బండిని పదిహేను వందల్లో ఏనాడైనా ఉంచారా? పెట్రోలు దండగైపోదూ? అది కరెంటే... ఆయన కరెంటు పోయాకే వస్తారు. ఒక్క నిమిషం మాట్లాడకండి."



ముల్లు కదిలింది.

వంద... మూడొందలు... ఏడొందల యాభై దగ్గర ఆగింది — నిలబెట్టిన బండిలో ఇంజను తిరిగే చోట. కేశవరావుగారు అలవాటు కొద్దీ అద్దం మీద వేలితో తట్టారు. ముల్లు బెదరలేదు. వైరు పట్టి లాగేశారు. వైరు చేతికొచ్చింది... ముల్లు అక్కడే ఉంది. నలభై ఏళ్ల సర్వీసులో అంత నిలకడైన రీడింగు చూడలేదట. అంత భయంలోనూ ముచ్చటేసిందట!

అంతలో ముల్లు ఎగిసింది. రెండు వేలు... మూడు వేలు...

జానకీదేవిగారు కొంగు సర్దుకుని, గబగబా గోడవారకి జరిగారు.

"మీరిద్దరూ కూడా ఇటు వచ్చేయండి," అన్నారు గుసగుసగా. "ఆయన బండి బయటికి తీస్తున్నారు. రివర్స్ అంత బాగా రాదు ఆయనకి."

అందరికన్నా ముందు గోడకి అతుక్కుపోయింది సుధీరేనట. ఆ రోజు నుంచి వాడు తాళం మాట ఎత్తలేదు.