నల్లపాయ దాటిన అగ్గిపెట్టె

నల్లపాయ కాజ్‌వే పేరెత్తితే మా లంకలో మగాళ్ళు మాట మార్చేస్తారు. గోదావరి పెరిగినప్పుడల్లా ఆ రోడ్డు నీళ్ళలో మునిగిపోతుంది. అందులో దిగిన బండి సరిగ్గా నడిమధ్యకొచ్చేసరికి... టక్కున ఆగిపోతుంది. జీపైనా, లారీ అయినా ఒకటే. కింద ఏదో కూర్చుని ఇంజను చప్పుడు మింగేస్తుందట!

సైలెన్సర్లోకి నీళ్ళు పోయి ఆగుతుందర్రా బాబూ అని నేను మొత్తుకుంటే, "కాలేజీలో డిబేట్లు గెలిస్తే దెయ్యాలు భయపడవే" అన్నారు. నిజమే. భయపడే పని మొత్తం మావాళ్ళే చూసుకుంటున్నారు కదా!

ఇది మా వీరవేణత్త చెప్పిన సంగతి. రెండువేల ఆరు వరదల్లో ఆమెకే జరిగింది.

ఆ సాయంత్రం గేదెకి గడ్డి తీస్తుంటే అత్తని పాము కరిచింది. వరదకి మెరకెక్కిన కట్లపాము. ధవళేశ్వరం మీదుగా రాజమండ్రి ఆసుపత్రికి చేరితేనే మనిషి దక్కేది. భీమరాజు మావయ్య, ఇంకో నలుగురూ మంచం మీద మోసుకుంటూ కాజ్‌వే దాకా తెచ్చారు. అప్పటికే చీకటి. పడవలన్నీ పై లంకలకి పోయాయి. ఊరికున్న ఒక్క ట్రాక్టరూ మధ్యాహ్నమే నీళ్ళు తాగి పడుకుంది.

మా మగాళ్ళకో పద్ధతుంది. వరదల్లో గట్టు మీద చెవులు రిక్కించి కూర్చుంటారు. ఇంజను చప్పుడు దగ్గరై, మధ్యలో ఆగిందంటే — తాళ్ళు పట్టుకుని దిగి లాగుతారు. చీకట్లో చెవే ఆధారం.

ఆ రాత్రీ అలాగే విన్నారు... ఏ చప్పుడూ లేదు.

కానీ అవతల, నీళ్ళ మీద... రెండు దీపాలు.

దగ్గరకొస్తున్నాయి. నీళ్ళు చీలుతున్న సవ్వడి తప్ప ఇంకేమీ లేదు. నడిమధ్యకొచ్చాయి... ఆగలేదు!

"ఒరేయ్ అప్పాజీ... ఇంజనేదిరా?" గొణిగాడు మావయ్య.

అప్పాజీ పలకలేదు. పలకడానికి అక్కడ లేడు.

తర్వాత ఒకడి వెనక ఒకడు. ఆఖరికి తాళి కట్టిన మా మావయ్య కూడా! మంచం, మంచం మీద మనిషి మిగిలారు. పరుగెత్తలేనిది అత్త ఒక్కతే — అందుకే బతికింది.

దీపాలు మంచం పక్కనే ఆగాయి. తలుపు తెరుచుకుంది.

"ఎవరమ్మా అక్కడ?"

"మేష్టారూ... మీరేనండీ?"

మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన రాజరత్నం మేష్టారు! ఇంటికొస్తున్నారు, బెంగుళూరు నుంచి తెప్పించుకున్న బ్యాటరీ కారులో. పగలు చూసి ఊరంతా అగ్గిపెట్టె అని నవ్విన బండే, చీకట్లో ఎవరికీ గుర్తు రాలేదు. దానికి ఇంజనూ లేదు, పొగగొట్టమూ లేదు. నీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరయ్యే యోగమే లేదు.

పాము మాట వినగానే, "ఎక్కమ్మా, వెనక్కి పోదాం," అన్నారు.

కానీ ఈసారి నీళ్ళు పెరిగాయి. నడిమధ్య... కారు తేలింది! చక్రాలు తిరుగుతున్నాయి, కింద రోడ్డు తగలట్లేదు. అడ్డంగా వస్తున్న ఉరవడికి బండి ముక్కు పక్కకి తిరుగుతోంది. అత్తకి రెప్పలు వాలిపోతున్నాయి. మేష్టారు స్టీరింగు వదిలేసి ప్రార్థన మొదలెట్టారు...

అప్పుడు వెనక నుంచి ఎవరో తోశారు.

బలంగా. తిన్నగా. చక్రాలు మళ్ళీ రోడ్డు పట్టుకునేదాకా.

"మీ ఆయనే అయ్యుంటాడమ్మా. సిగ్గొచ్చి దిగాడు," అన్నారు మేష్టారు.

అత్త బతికింది. ఆ ఒక్క తోపుకి మావయ్య పరుగుని క్షమించేసింది కూడా. మూడేళ్ళుగా ఆ ఇంట్లో నాటుకోడి ఉడికితే మొదటి ముక్క ఆయన కంచంలోనే!

మొన్న నాకు ఒళ్ళు మండింది. మావయ్యని పెరట్లోకి లాగి నిలదీశాను. "అంత దూరం పరిగెత్తినవాడివి, ఎప్పుడొచ్చి తోశావు?"

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేను... చర్చి మేడ మీదున్నానే. తెల్లారేదాకా దిగలేదు. మీ అత్తతో అనకు, నీకు పుణ్యముంటుంది."

"మరైతే వరదే తోసుంటుంది," అన్నాను ఠపీమని.

మావయ్య నావైపు అదోలా చూశాడు.

"వరద పక్కనుంచి కదే కొట్టింది... వెనక నుంచి ఎలా తోస్తుంది?"